వాన లెక్కకు కాపలా

తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. మండలానికి కనీసం ఒకటి ఉండేలా వీటిని ఏర్పాటు చేశారు. నడిపేది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాల వానా, ఎండా, చలీ ఈ కేంద్రాల లెక్కలోకే వస్తాయి. చుట్టూ కంచె, మధ్యలో ఒక స్తంభం, దాని మీద సోలార్ పలక, ఒక పెట్టెలో బ్యాటరీ, సిమ్ కార్డు, కొలతలను దాచుకునే లాగర్: బయటికి కనిపించే సరంజామా ఇంతే. మనిషి దగ్గర లేకపోయినా అది కొలుస్తూ, కొలిచినదాన్ని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌కు పంపుతూ ఉంటుంది.

పంపిన అంకె సరైనదో కాదో దానికి తెలియదు. చెడిపోయిన సెన్సరు కూడా బాగున్న సెన్సరులాగే దశాంశ స్థానంతో సహా అంకె చెబుతుంది. తెర మీద రెండూ ఒకే అక్షరాల్లో, ఒకే రంగులో కనిపిస్తాయి. కేంద్రాలు పది ఉన్నప్పుడు అనుభవజ్ఞుడైన ఉద్యోగి పొద్దున్నే పట్టిక మీద కళ్లు పరిగెత్తించి తేడా పట్టేస్తాడు. వెయ్యి ఉన్నప్పుడు అది కుదరదు. వచ్చిన ప్రతి అంకెనూ వచ్చిన వెంటనే పరీక్షించి, అనుమానం ఉన్నదానికి గుర్తు పెట్టి, చూడవలసిన మనిషికి కబురు పంపే వ్యవస్థ కావాలి. దానినే డేటా నాణ్యతా పర్యవేక్షణ వేదిక అంటున్నారు. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ఆన్‌లైన్ దుకాణాల్లో కూడా ఇలాంటివి నడుస్తున్నాయి. వాన లెక్కతో చెబితే దాని పనితీరు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇక్కడ తప్పు అంకెకు వెనక ఒక వస్తువు ఉంటుంది: మట్టి, ఆకు, తెగిన వైరు, దిగిపోయిన బ్యాటరీ.

చేవెళ్ల, మొయినాబాద్‌ల వాన ఆ రెండు మండలాల వ్యవహారమే అయితే ఇంత పట్టింపు ఉండేది కాదు. అనంతగిరి కొండల వైపు నుంచి వచ్చే మూసీ, దాని ఉపనది ఈసీ ఈ ప్రాంతం మీదుగానే హైదరాబాద్ వైపు దిగుతాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య మొదట చూసినవాటిలో వాన లెక్కలు ఉన్నాయి. మొయినాబాద్‌కు దగ్గర్లోని షంషాబాద్‌లో అప్పుడు 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. ఆయన సూచన మేరకు 1920 నాటికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొయినాబాద్ ఆ రెండు జలాశయాల నడుమ ఉంది. పైన ఎంత వాన పడిందో సకాలంలో, సరిగ్గా తెలిస్తేనే గేట్లు ఎప్పుడు, ఎంత ఎత్తాలో తేలుతుంది. చేవెళ్ల టమాటా రైతుకు, మొయినాబాద్ పాలీహౌస్‌లో గులాబీలు పెంచేవారికి కూడా అదే అంకె పనికొస్తుంది. వాతావరణ ఆధారిత పంటల బీమా అమలయ్యే చోట్ల పరిహారం లెక్కగట్టేది కేంద్రంలో నమోదైన అంకెను బట్టి. అలాంటప్పుడు సెన్సరు తప్పు నేరుగా రైతు జేబుకు తగులుతుంది.

అంకె ఎలా పుడుతుందో చూస్తేగాని అది ఎలా చెడుతుందో తెలియదు. ఇలాంటి కేంద్రాల్లో వానను కొలిచేది ఎక్కువగా తిరగబడే దొన్నెల వర్షమాపకం. పైన గరాటు, దాని కింద తూగుటుయ్యాలలాగా ఇరుసు మీద నిలిచిన రెండు చిన్న దొన్నెలు. గరాటులో పడ్డ నీరు ఒక దొన్నెలోకి కారుతుంది. అది నిండగానే బరువుకు పక్కకు ఒరిగి నీరు పారబోస్తుంది, రెండో దొన్నె గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ అయస్కాంతం ఒక స్విచ్చిని కలిపి లాగర్‌లో ఒక లెక్క పెంచుతుంది. గరాటు మూతి 200 చదరపు సెంటీమీటర్లు అయితే అర మిల్లీమీటరు వానంటే 10 మిల్లీలీటర్ల నీరు. అంటే రెండు చెంచాల నీటికి ఒక లెక్క. అదే అర మిల్లీమీటరు ఎకరం పొలం మీద రెండు వేల లీటర్లకు పైమాటే.

ఈ పరికరం తప్పు చేసే తీరు అన్నిసార్లూ ఒకేలా ఉండదు. మరీ కుండపోత అయితే దొన్నె ఒరిగే ఆ క్షణంలో పడే నీరు లెక్కకు అందదు, కాబట్టి ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. కంచె పక్కన చెట్టు ఎదిగితే కొంత వాన ఆకుల మీదే ఆగిపోతుంది. అడ్డుగా ఉన్నదాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో వర్షమాపకం ఉండాలన్నది అందుకే. చేవెళ్ల రోడ్డు పొడవునా ఉన్న పాత మర్రిమానుల నీడ బాటసారులకు ఎంత హాయో, వర్షమాపకానికి అంత చేటు. పరికరాన్ని శుభ్రం చేయడానికి వచ్చినవాడు గరాటులో నీళ్లు పోసి కడిగితే ఎర్రటి ఎండలో వాన నమోదవుతుంది. ఆ లెక్కను ముందే ఆపి ఉంచడం మర్చిపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

అన్నిటికన్నా మోసకారి తప్పు సున్నా. గరాటు కంతలో ఆకు ముక్కో, పక్షి రెట్టో, సాలీడు గూడో అడ్డుపడితే నీరు కిందికి దిగదు. దొన్నె కదలదు. లాగర్ నిజాయితీగా సున్నా పంపుతుంది. నెట్‌వర్క్ బాగుంది, బ్యాటరీ బాగుంది, అంకె సమయానికి వచ్చింది, హద్దుల్లోనే ఉంది. ఏప్రిల్‌లో అయితే ఆ సున్నా నిజమే అయి ఉండవచ్చు. ఆగస్టులో చుట్టుపక్కల మండలాలన్నీ తడిసిన రోజున అదే సున్నా అబద్ధం. 900 మిల్లీమీటర్లని ఎవరైనా నవ్వి పక్కన పెడతారు. సున్నాను మాత్రం ఎవరూ రెండోసారి చూడరు. ఇంకో చిక్కు ఉంది. కేంద్రం నుంచి అసలు కబురే రానప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ఖాళీ గడిలో తామే సున్నా నింపుతాయి. వాన పడలేదనడం వేరు, పడిందో లేదో తెలియదనడం వేరు. నెల మొత్తం కూడేటప్పుడు ఈ రెండూ కలిసిపోతే తడిసిన మండలం కాగితం మీద కరవు మండలం అవుతుంది. అందుకని పర్యవేక్షణ వేదిక పెట్టేవారు మొట్టమొదట చేయవలసింది సున్నాకూ ఖాళీకీ వేర్వేరు గుర్తులు ఉండేలా డేటాబేసును సరిదిద్దడం. అది చేయకుండా మిగతా పరీక్షలు ఎన్ని పెట్టినా ప్రయోజనం తక్కువ.

సమయం కూడా ఇంతే చిక్కులు పెడుతుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో వానరోజు ఉదయం 8.30కు మొదలై మరునాటి 8.30కు ముగుస్తుంది. సర్వర్లు చాలావరకు గ్రీన్‌విచ్ కాలానికి దగ్గరగా ఉండే ప్రపంచ ప్రామాణిక కాలాన్ని పాటిస్తాయి. మన గడియారానికీ దానికీ అయిదున్నర గంటల తేడా. మన 8.30 అక్కడి 3.00. ఒక ప్రోగ్రాం ఒక కాలాన్నీ, మరొకటి ఇంకో కాలాన్నీ పాటిస్తే తెల్లవారుజామున పడిన వాన వేరే తేదీ ఖాతాలో జమ అవుతుంది. ఉరుములతో వాన వచ్చినప్పుడు సెల్ టవర్ కరెంటు పోయి సిగ్నల్ తెగిపోవడం మామూలే. ఆ గంటల కొలతలను లాగర్ తన దగ్గర దాచుకుని, సిగ్నల్ రాగానే ఒక్కసారిగా పంపుతుంది. కొలిచిన వేళను వదిలేసి చేరిన వేళను బట్టి లెక్కిస్తే ఆరు గంటలపాటు నింపాదిగా కురిసిన వాన ఒక్క గంటలో కురిసిన కుంభవృష్టిగా కనిపిస్తుంది. దీనికి మందు సులువు: ప్రతి అంకెతోనూ రెండు సమయాలు, కొలిచినదీ చేరినదీ, భద్రపరచాలి. ఆ రెంటి మధ్య ఎడం పెరుగుతూ ఉంటే అది నెట్‌వర్క్ జబ్బుకు తొలి లక్షణం కూడా. ఇక రోజు మొదటి నుంచి కూడుతూ వచ్చే లెక్క కరెంటు పోయి మధ్యలో సున్నాకు దిగిపోతే, అందులోంచి ముందు గంట లెక్కను తీసివేసినప్పుడు రుణసంఖ్య వస్తుంది. ఆకాశం నుంచి రుణసంఖ్యలో వాన కురవదు కాబట్టి దీన్ని పట్టడం యంత్రానికి తేలిక.

ఇదంతా నడిపే చోటే క్లౌడ్. పేరులో మబ్బు ఉన్నా అది నేల మీద ఉండే డేటా కేంద్రమే: వరసల్లో సర్వర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు, రెండు మూడు దారుల్లో కరెంటు. అమెజాన్ తన హైదరాబాద్ క్లౌడ్ ప్రాంతాన్ని 2022 నవంబరు 22న ప్రారంభించింది. దాని డేటా కేంద్రాల్లో ఒకటి చేవెళ్లకు పొరుగునే ఉన్న షాబాద్ మండలం చందనవెల్లిలో ఉంది. సొంత సర్వరు కొని గదిలో పెట్టుకోవడానికి బదులు కావలసినంత యంత్రబలాన్ని అద్దెకు తీసుకోవడం ఈ పద్ధతి సారం. వాన లెక్కకు ఇది బాగా నప్పుతుంది. తుపాను రోజున వాతావరణ కేంద్రాల నుంచి కబుర్లు, వాటిని చూసేందుకు వచ్చే జనం, రెండూ ఒకేసారి పెరుగుతాయి; మే నెల మధ్యాహ్నం ఆ బలం అక్కరలేదు. మన ప్రభుత్వ శాఖలు కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ జాబితాలోకెక్కిన క్లౌడ్ సంస్థల సేవలు వాడుకునే ఏర్పాటు ఉంది. అద్దె పద్ధతిలో మెలకువ కావలసింది ఖర్చు దగ్గర. నిల్వకు ఒక రేటు, లెక్కలకు ఒక రేటు, బయటికి పంపే డేటాకు ఇంకో రేటు. ప్రతి నిమిషం పదేళ్ల చరిత్రనంతా తిరగదోడే పరీక్ష రాస్తే నెలాఖరు బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది.

వేదిక నిర్మాణంలో, వాతావరణ కేంద్రం నుంచి వచ్చిన కబురు మొదట ఒక వరసలో (క్యూ) చేరుతుంది. వెనక పరీక్షలు ఆగిపోయినా ఈ వరస కబుర్లను పట్టి ఉంచుతుంది. అక్కడి నుంచి దాని నకలు ఒకటి, వచ్చింది వచ్చినట్టే, ఎవరూ మార్చలేని నిల్వలోకి పోతుంది. రెండోది పరీక్షలకు పోతుంది. పరీక్ష ఎప్పుడూ అంకెను మార్చదు, చెరపదు. పక్కన గుర్తు మాత్రం పెడుతుంది: బాగుంది, అనుమానం, తప్పు, రాలేదు. ఈ క్రమశిక్షణ మొదట చాదస్తంగా అనిపించినా దాని విలువ ముందు ముందు తేలుతుంది.

పరీక్షల్లో తేలికైనవాటిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గాలిలో తేమ 100 శాతం దాటకూడదు. కనిష్ఠ ఉష్ణోగ్రత గరిష్ఠాన్ని మించకూడదు. అయిదు నిమిషాల్లో 15 డిగ్రీలు ఎగబాకితే వైరు వదులైందేమో చూడాలి. ఉష్ణోగ్రత ఆరు గంటలపాటు దశాంశం కూడా కదలకుండా ఉంటే సెన్సరు బిగుసుకుపోయిందనుకోవచ్చు. ఆ ఆఖరి పరీక్షనే వానకు పెడితే వేసవి అంతా అలారం మోగుతూనే ఉంటుంది. ఏ కొలతకు ఆ పరీక్షే రాసుకోవాలి.

అసలు కష్టం పొరుగుతో పోల్చే పరీక్షలో ఉంది. చేవెళ్ల అంకె అనుమానంగా ఉంటే మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్ ఏమంటున్నాయో అడగాలి. బంగాళాఖాతంలో వాయుగుండం పడి ముసురు పట్టిన రోజున ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఆ వాన వందల కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది కాబట్టి నలుగురిలో ఒకరు సున్నా అంటే అది దాదాపుగా అడ్డుపడ్డ గరాటే. మృగశిర కార్తెలో సాయంకాలం లేచే ఉరుముల మబ్బు సంగతి వేరు. దాని వెడల్పు కొద్ది కిలోమీటర్లే. చేవెళ్లలో 40 మిల్లీమీటర్లు దంచి, మొయినాబాద్‌లో దుమ్ము కూడా తడపకుండా పోగలదు. ఆ రోజున ఒకరి సున్నాను తప్పని కొట్టేస్తే నిజాన్ని కొట్టేసినట్టే. చలికాలపు రాత్రులు కూడా ఇంతే. కాంక్రీటు పరుచుకున్న నగరం వేడిని పట్టి ఉంచుతుంది. మొయినాబాద్ వైపు పొలాలు త్వరగా చల్లబడతాయి. పక్కపక్కనే నాలుగైదు డిగ్రీల తేడా ఉన్నా అది ప్రకృతి చేసిన పనే. అందుకని ఎంత తేడా దాకా ఓర్చుకోవాలన్నది నెలను బట్టి, మబ్బు రకాన్ని బట్టి, కేంద్రం చుట్టూ ఉన్న నేలను బట్టి మారాలి. ఈ సంగతులు సాఫ్ట్‌వేరు డబ్బాలో రావు. స్థానిక వాతావరణం తెలిసినవారు కూర్చుని రాయాలి.

అసాధారణమైన అంకె వచ్చినప్పుడు తొందరపాటు ఎంత చేటో రెండు ఉదంతాలు చెబుతాయి. 2023 జులై 27 ఉదయం 8.30తో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంతకు ముందు రాష్ట్రంలో రికార్డు 2013 జులైలో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. పాత రికార్డును 130 మిల్లీమీటర్లకు పైగా దాటిన అంకెను ఏ హద్దుల పరీక్ష అయినా అనుమానిస్తుంది, అనుమానించాలి కూడా. కానీ చుట్టుపక్కల కేంద్రాలు కూడా భారీ వర్షాన్నే చూపాయి, కింద వాగులు ఊళ్లను ముంచాయి. అంకె నిజం. మరుసటి ఏడాది 2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్ స్వయంచాలిత కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. దేశమంతా ఆ వార్త పాకింది. వాతావరణ శాఖ ప్రామాణిక పరికరం తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చి చూసి, ఆ సెన్సరు 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేల్చింది. రెండూ రికార్డులే, ఒకటి నిజం, ఒకటి తప్పు. అంకెను మాత్రమే చూస్తూ కూర్చుంటే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

అనుమానించిన అంకెను చెరపకుండా ఉంచడం విలువ ఇంకో ఉదంతంలో తేలుతుంది. అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిన సంగతి 1985లో నేల మీది కొలతల ద్వారా బయటపడినప్పుడు, నాసా ఉపగ్రహం కూడా ఆ తక్కువ విలువలను అంతకు ముందే కొలిచి ఉంది. ఓజోన్ కొలత 180 డాబ్సన్ యూనిట్ల కన్నా తక్కువ వస్తే అనుమానపు గుర్తు పెట్టమని దాని ప్రోగ్రాంలో రాసి ఉండటంతో అవి పక్కకు చేరాయి. అసలు అంకెలు చెరపకుండా ఉంచారు కాబట్టి వెనక్కి వెళ్లి ఓజోన్ రంధ్రం పటం గీయగలిగారు. చేవెళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. గత పదేళ్ల వానలు చూసి రోజుకు 250 మిల్లీమీటర్లను హద్దుగా పెట్టుకుంటే, 1908లో షంషాబాద్‌లో పడినంత వాన మళ్లీ పడిన రోజున వేదిక దాన్ని తప్పుల బుట్టలో వేస్తుంది. గేట్ల దగ్గర కూర్చున్న ఇంజనీరుకు ఆ అంకె అత్యవసరమైన రోజు కూడా అదే. కాబట్టి పెద్ద అంకె మీద అనుమానపు గుర్తు ఉన్నా దాన్ని ఆపకూడదు; గుర్తుతో సహా వెంటనే ముందుకు పంపాలి.

జలాశయాలు మరో సాక్ష్యం ఇస్తాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. పైన మండలాల్లో మంచి వాన నమోదై, నేల అప్పటికే తడిసి ఉండి, మట్టం మాత్రం కదలకపోతే ఏదో ఒక కొలత తప్పు. అయితే ఎండిన నేల మీద పడ్డ తొలకరి నీరు భూమిలోకి ఇంకిపోతుంది, చెరువుల్లో, చెక్‌డ్యాముల్లో ఆగుతుంది, మిగిలింది చేరేందుకు గంటలు పడుతుంది. జూన్‌లో ఈ సాక్ష్యానికి బలం తక్కువ, సెప్టెంబరులో ఎక్కువ.

పరీక్షలు ఎక్కువైతే కాపలాయే బరువవుతుంది. వెయ్యి కేంద్రాలు, ఒక్కొక్కటి ఆరు కొలతలను పావుగంటకోసారి పంపుతుందనుకుంటే రోజుకు 5,76,000 అంకెలు. పరీక్ష వెయ్యింటికి ఒక్కసారే పొరపడినా 576 అబద్ధపు అలారాలు. మూడు రోజులు అలాగే వస్తే నాలుగో రోజు నుంచి వాటిని ఎవరూ తెరవరు, నిజమైనది కూడా ఆ గుంపులోనే పోతుంది. ఒకే కేంద్రం నుంచి వచ్చిన అనుమానాలన్నిటినీ ఒక్క ఫిర్యాదుగా కట్టడం దీనికి ఒక విరుగుడు. బ్యాటరీ దిగిపోయిన కేంద్రం ఆరు కొలతల్లోనూ తప్పులు చేస్తుంది, జబ్బు మాత్రం ఒక్కటే. తెల్లవారుజామున ఫోను మోగించవలసినవి వేరు, వారాంతపు జాబితాలో చేరవలసినవి వేరు. కొత్త పరీక్షను ముందుగా పాత డేటా మీద నడిపించాలి. తరువాత కొన్ని వారాలు ఎవరికీ అలారం పంపకుండా గుర్తులు మాత్రమే పెట్టించి, అందులో ఎన్ని నిజాలో చూడాలి. కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి గడవందే ఏ హద్దునూ ఖాయం చేసుకోకపోవడం మంచిది. ప్రతి ఫిర్యాదుకూ ఒక మనిషి పేరు ఉండాలి: బండి వేసుకుని వెళ్లి గరాటు తుడిచేది ఎవరు, ఎన్నాళ్లలో? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా కొన్న వేదిక అందమైన రంగుల తెరగా మిగిలిపోతుంది.

కాపలాదారు మీద కూడా ఒక కన్ను ఉండాలి. పరీక్షల ప్రోగ్రాం రాత్రి ఆగిపోతే ఒక్క అలారమూ రాదు. అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకని ఉత్తుత్తి కేంద్రం ఒకదాన్ని సృష్టించి, దాని నుంచి తెలిసి తెలిసి తప్పు అంకెలు పంపుతూ, అలారం వస్తోందో లేదో చూసుకోవడం మంచి అలవాటు.

కేంద్రం చరిత్రను కూడా అంకెల పక్కనే దాచుకోవాలి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31కి, మండలాలు 459 నుంచి 584కు పెరిగాయి. వికారాబాద్ వేరే జిల్లా అయింది, చేవెళ్ల రంగారెడ్డిలోనే ఉంది. పాత రంగారెడ్డి జిల్లా సగటు వానను కొత్త జిల్లా సగటుతో పోల్చితే వాన మారినట్టు కనిపిస్తుంది, మారింది సరిహద్దు. మొయినాబాద్ అన్న పేరునే ఒక ఫైలు ఒకలా, ఇంకో ఫైలు ఇంకోలా రాస్తుంది. పేరు మారినా మారని సంకేత సంఖ్య ఒకటి కేంద్రానికి ఉండాలి. దానితోపాటు అక్షాంశ రేఖాంశాలు, సెన్సరు ఎప్పుడు మార్చారు, స్తంభాన్ని ఎన్ని మీటర్లు జరిపారు, పక్కన భవనం ఎప్పుడు లేచింది అన్న వివరాలు కావాలి. నగరం ఈ వైపు విస్తరిస్తున్నకొద్దీ ఆ చివరి వివరానికి ప్రాధాన్యం పెరుగుతోంది. ఇరవై ఏళ్ల తరువాత మొయినాబాద్ రాత్రులు వేడెక్కాయని తేలితే, వేడెక్కింది వాతావరణమా, కంచె పక్కన పోసిన కాంక్రీటా అని అడిగేవారికి జవాబు ఆ వివరాల్లోనే ఉంటుంది.

ఆఖరి దశ దిద్దుబాటు. మనిషి వెళ్లి చూసి, గరాటు మూసుకుపోయిందని నిర్ధారించాక, ఆ రోజుల సున్నాలకు తప్పు గుర్తు ఖాయమవుతుంది. పొరుగు కేంద్రాల నుంచి అంచనా కట్టి ఆ ఖాళీని నింపితే, అది అంచనా అని పక్కనే రాసి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం 2016 నాటి ఓపెన్ డేటా విధానం కింద మండలాల వారీ వాన, ఉష్ణోగ్రతల పట్టికలను ప్రజలకు అందుబాటులో ఉంచుతోంది. నిన్న ఒక పట్టికను దింపుకుని పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థికి రేపు అదే పట్టికలో వేరే అంకె కనబడవచ్చు. అందుకని దిద్దిన పట్టిక కొత్త సంచిక సంఖ్యతో వెలువడాలి, పాతది పక్కనే ఉండాలి, ఏ కేంద్రంలో ఏ తేదీల అంకెలు ఏ కారణంతో మారాయో ఒక చిన్న చిట్టా జతపడి ఉండాలి.